జొన్నమ్మ బాలింతైంది: పెంపుడు పాము వట్టి గుడ్లు పెట్టినాక ఏం చేయాలి

ఏప్రిల్ రెండో వారం. అనంతపురంలో పొద్దున ఎనిమిదికే గోడలు వేడెక్కే రోజులు. నీళ్ల గిన్నె మారుద్దామని పెట్టె మూత తీస్తే మా కార్న్ స్నేక్ మూలన చుట్టుకుని ఉంది. పక్కనే ఒకదానికొకటి అంటుకుని మూడు పసుపు రంగు గుడ్లు. మగపాము మొహం అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాకు మొదట వచ్చింది సంతోషం కాదు, టెన్షన్. ఫోన్ చేతిలోకి తీసుకునేలోపు మా జేజి వచ్చి తొంగి చూసింది. "బాలింతరా అది. మూత మూసి పక్కకు పో" అనింది.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఆ మాట వినడం ఒక్కటే. తర్వాత చేసిన తప్పులు చాలా ఉన్నాయి, అవి కూడా చెబుతాను.

మా పాము పేరు జొన్నమ్మ. కార్న్ అంటే మొక్కజొన్న అని చెప్పగానే జేజి పెట్టిన పేరు అది. అమెరికాలో పుట్టిన జాతి. పొట్ట కింద తెలుపూ నలుపూ గళ్లు మొక్కజొన్న గింజల్లా పేర్చినట్టు ఉంటాయి. విషం లేదు, మనిషిని చూసి బెదిరేదే తప్ప మీదికొచ్చేది కాదు. ఈ మార్గదర్శి ముఖ్యంగా కార్న్ స్నేక్ గురించే. బాల్ పైథాన్ పెంచేవాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాను. బోవా పెంచేవాళ్ల సంగతి వేరు, అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది.

## మగపాము లేకుండా గుడ్లెలా వచ్చాయి?

ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న ఇది. నా జవాబు ఒకటే: అంగట్లో కొనే ఫారం కోడిగుడ్డు ఏ పుంజును చూసింది? ఆడపాము వయసుకొచ్చి, ఒంట్లో కొవ్వు చేరి, చలికాలం పోయి ఎండ ముదిరే మార్పు తగిలితే అండాలు వాటంతట అవే పెరుగుతాయి. మగది కలిస్తే పిల్లకు పనికొచ్చే గుడ్లవుతాయి, లేకుంటే వట్టి గుడ్లుగా బయటికొస్తాయి. పెంపకందారులు వీటిని స్లగ్స్ అంటారు. ఇది రోగం కాదు. మీ పెంపకంలో లోపమని కూడా అనుకోవద్దు. అయితే తల్లి ఒంటికి మాత్రం అసలు కాన్పు ఎంత భారమో ఇదీ అంతే భారం. ఆకలి చంపుకుని, నెలల తరబడి దాచుకున్న కొవ్వూ సున్నమూ గుడ్లలో పోస్తుంది.

ఒక మాట ముందే. ఇదంతా చట్టప్రకారం పెంచుకోగలిగిన విదేశీ జాతుల గురించి. జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ, నీరుకట్టె, ఏదైనా సరే మన నేల మీది పామును ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొట్టంలోనో గడ్డివాములోనో పాము గుడ్లు కనబడితే అటవీ శాఖకు చెప్పండి, ఇంటికి తెచ్చి పొదిగించే సరదా వద్దు. 2022లో ఆ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బాల్ పైథాన్ లాంటి జాతులు ఇప్పుడు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. కార్న్ స్నేక్ అయినా కొన్న కాగితాలు భద్రంగా పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి తీసుకుని ఊరు దాటేటప్పుడు అవి చేతిలో ఉంటే మంచిది.

## మొదటి అడుగు: పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దు

మూడు గుడ్లు కనబడ్డాయంటే మూడే అని కాదు. కార్న్ స్నేక్ ఒక విడతలో పది నుంచి ముప్పై దాకా పెట్టొచ్చు. బాల్ పైథాన్ అయితే నాలుగు నుంచి పది, కాకుంటే గుడ్డు పెద్దది. ఒక్కో గుడ్డుకూ మధ్య కొన్ని నిమిషాల నుంచి గంట దాకా పట్టొచ్చు. మామూలుగా ఒక రోజులో అంతా ముగుస్తుంది.

ఆ సమయంలో మూత తీసి చూడటం, ఫోటోల కోసం లైటు వేయడం, పక్కింటి పిల్లల్ని పిలుచుకురావడం వద్దు. బెదిరిన పాము మధ్యలో ఆపేస్తుంది. అలా ఆగిన గుడ్డే తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పెట్టెకు ఒక గుడ్డ కప్పి, గదిలో ఫ్యాను శబ్దం తప్ప వేరే శబ్దం లేకుండా చూసి, మూడు నాలుగు గంటలకోసారి పక్కనుంచి తొంగి చూస్తే చాలు. నేను గంటకు రెండుసార్లు చూశాను. జొన్నమ్మ ఏడో గుడ్డు తర్వాత లేచి పెట్టెంతా తిరగడం మొదలుపెట్టింది. జేజి నన్ను గది బయటికి తోసి గడియ పెట్టింది. సాయంత్రానికి పద్నాలుగు.

పెట్టె లోపల పాము గుడ్లు పెట్టే చోటు లేకపోతే ఇప్పటికైనా ఏర్పాటు చేయండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పాము దూరేంత రంధ్రం చేసి, నర్సరీలో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) తడిపి, గట్టిగా పిండి, సగం దాకా నింపాలి. పిడికిట్లో పట్టి నొక్కితే నీళ్లు కారకూడదు, ముద్ద మాత్రం నిలవాలి. మన ఊళ్లలో వేసవి గాలికి అది రెండు రోజుల్లో ఎండిపోతుంది, చూసుకుంటూ ఉండాలి.

## రెండో అడుగు: గుడ్ల సంగతి తేల్చండి

తల్లి గుడ్లను వదిలి పక్కకు పోయినాకే చేయి పెట్టండి. కార్న్ స్నేక్ గుడ్లను కాపలా కాయదు, కొన్ని గంటల్లో దానంతట అదే వెళ్లిపోతుంది. బాల్ పైథాన్ అలా కాదు. వట్టి గుడ్లయినా సరే వాటిని చుట్టుకుని కూర్చుంటుంది, తిండి మానేస్తుంది. దాని తల మీద మెత్తటి తువ్వాలు కప్పి, చుట్లు ఒక్కొక్కటీ విప్పుతూ తీయాల్సిందే. ఇద్దరు ఉంటే పని సులువు.

ఇక ఇవి నిజంగా వట్టివేనా? పనికొచ్చే గుడ్డు తెల్లగా, నిండుగా, తోలులా పొడిగా ఉంటుంది. వట్టి గుడ్డు పసుపుగా, చిన్నగా, మైనం ముద్దలా గట్టిగానో తడితడిగానో ఉంటుంది. అనుమానం ఉంటే చీకటి గదిలో ఫోన్ టార్చి గుడ్డుకు ఆనించి చూడండి. పిల్లకు పనికొచ్చేదైతే కొన్ని రోజుల్లో ఎర్రటి నరాలు వేర్లలా పాకి కనబడతాయి. వట్టిదైతే అంతా ఒకే పసుపు.

ఇక్కడ ఒక చిక్కుంది. మీ పామును మీరు పెద్దదయ్యాక కొని ఉంటే దాని గతం మీకు తెలియదు. ఆడపాము మగదాని వీర్యాన్ని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఒంట్లో దాచుకోగలదు. మగది లేకుండానే పిల్లలు పుట్టిన సందర్భాలూ పాముల్లో నమోదయ్యాయి, కానీ అరుదు. అందుకే తెల్లగా నిండుగా ఉన్న గుడ్డు ఒక్కటున్నా పెన్సిల్‌తో పైభాగాన చిన్న గీత పెట్టి, ఆ గీత ఎప్పుడూ పైనే ఉండేలా తీయండి. పాముగుడ్డును కోడిగుడ్డులా తిప్పకూడదు, తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

అన్నీ పసుపువే అయితే ఆలస్యం చేయొద్దు. నలభై డిగ్రీల ఊరిలో ఆ గుడ్లు రెండో రోజుకే వాసన కొడతాయి, మూడో రోజుకు చిన్న ఈగలు ముసురుతాయి. లెక్కపెట్టి, ఒక ఫోటో తీసి (డాక్టరు అడగొచ్చు), కవర్లో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఆ తర్వాత పారేయండి. మా అమ్మ ఫ్రిజ్‌లో ఆ కవరు చూసిన రోజు ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ రాయలేను. పాముకు పెట్టే ఎలుకల కోసం వాడే పాత చిన్న ఫ్రిజ్ ఉంటే అందులోనే పెట్టుకోండి. గుడ్లు ముట్టిన చేతుల్ని సబ్బుతో కడుక్కోండి. పాముల మీద సాల్మొనెల్లా ఉంటుంది, ఇంట్లో చంటిపిల్లలో ముసలివాళ్లో ఉంటే ఇంకా జాగ్రత్త.

## మూడో అడుగు: లోపల ఏమైనా మిగిలిందా?

మిగతా అన్ని అడుగులూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. వట్టి గుడ్లు పెట్టిన పాము చచ్చిపోయిందంటే, ఎక్కువసార్లు కారణం లోపల ఇరుక్కున్న గుడ్డే. పనికొచ్చే గుడ్ల కంటే వట్టి గుడ్లే ఎక్కువ ఇరుక్కుంటాయి. వాటి ఆకారం సరిగా ఉండదు, గుడ్లు బయటికొచ్చే గొట్టం గోడకు అతుక్కుంటాయి. పెట్టేందుకు చోటు లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొవ్వు పట్టి కండ మెత్తబడటం, పెట్టె చల్లగా ఉండటం, ఇవన్నీ తోడవుతాయి.

గుడ్లు పెట్టిన మర్నాడు ఇలా చూడండి. పామును ఒక చేతి మీదుగా పారనివ్వండి. అది ముందుకు జరుగుతుంటే రెండో చేతి వేళ్లను దాని పొట్ట కింద కేవలం ఆనించి ఉంచండి. నొక్కొద్దు, పాము బరువే మీ వేళ్ల మీద పడాలి. ఒంటి చివరి మూడో భాగం మీ వేళ్ల మీదుగా పోతున్నప్పుడు గట్టి ఉండలేమైనా తగులుతున్నాయా? ఖాళీ అయిన పాము అక్కడ మెత్తగా, వదులుగా, రెండు పక్కలా చర్మం మడతపడినట్టుగా ఉంటుంది. గుడ్డు ఉంటే ఉసిరికాయ మీదుగా గుడ్డ లాగినట్టు తెలుస్తుంది. తోక మొదలుకు దగ్గరగా మెత్తటి ముద్ద ఒకటి తగిలితే అది మలమో యూరేటో (గడ్డకట్టిన తెల్లటి మూత్రం) కావొచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఉండ తగిలింది, కానీ పాము హుషారుగా తిరుగుతోంది అనుకుందాం. గుడ్లు మొదలై ఇంకా రెండు రోజులు కాలేదు. అప్పుడు తడి కోకోపీట్ డబ్బాలో వదిలి, పెట్టెను వెచ్చగా ఉంచి, ఒంటరిగా వదిలేయండి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టడం కూడా మేలు చేస్తుంది. నీళ్లు ఇరవై ఎనిమిది నుంచి ముప్పై డిగ్రీలు ఉండాలి, లోతు పాము ఒంటిలో సగం, సమయం పదిహేను ఇరవై నిమిషాలు, మీరు పక్కనే ఉండాలి. థర్మామీటరు వాడండి. మన మిద్దెల మీది ట్యాంకు నీళ్లు ఏప్రిల్ మధ్యాహ్నం చేయి కాలేంత వేడిగా వస్తాయి, కొళాయి తిప్పి నేరుగా పోస్తే పాము ఉడికిపోతుంది.

మొదటి గుడ్డు పడి రెండు రోజులు దాటినా ఉండ అక్కడే ఉంటే ఇక ఇంటి వైద్యం చాలు, డాక్టరు కావాలి. రెండు రోజులు కూడా ఆగకూడని గుర్తులు ఇవి: పాము ముక్కి ముక్కి అలసిపోయి తల వాల్చేయడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, తోక మొదట్లో ఉన్న అడ్డ చీలిక నుంచి రక్తమో చెడు వాసన నీరో రావడం. ఆ చీలిక నుంచి గులాబీ రంగు కండలాంటిది బయటికి వచ్చి నిలిచిపోతే అది అత్యవసరం. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ దాని మీద వేసి, ఆరిపోనీయకుండా అప్పటికప్పుడు బయల్దేరండి.

గుడ్డును బయటికి పిండాలని మాత్రం చూడొద్దు. పైనుంచి కిందికి ఒత్తితే గుడ్డు లోపలే పగులుతుంది, లేదా గొట్టం చిట్లుతుంది, రెండూ ప్రాణాంతకమే. ఇంకొకటి కూడా చెప్పాలి. మా వీధిలో గేదెలున్న ఒకాయన, "పాలు చేపడానికి ఏసే సూది ఉంది కదప్పా, రవ్వంత ఏస్తే పడిపోతుంది" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. తాబేళ్ల మీద బాగా పనిచేసే ఆ మందు పాముల మీద అంతగా పనిచేయదు. గుడ్డు అడ్డంగా ఇరుక్కుని ఉంటే, కండ బిగుసుకున్న కొద్దీ గొట్టమే చిరుగుతుంది. ఆ నిర్ణయం స్కాన్ చూసిన డాక్టరుదే.

డాక్టరు ఏం చేస్తారు? అల్ట్రాసౌండ్ తీస్తారు. పాము గుడ్డు పెంకు తోలులాంటిది కాబట్టి ఎక్స్‌రేలో ఒక్కోసారి లీలగానే కనబడుతుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే సెలైన్ ఎక్కిస్తారు. అవసరమైతే సూదితో గుడ్డులోని సొన లాగి, కుంచించుకుపోయిన గుడ్డు దానంతట బయటికి వచ్చేలా చూస్తారు. అదీ కాకపోతే ఆపరేషన్. ఎంత తొందరగా పోతే పాము అంత బాగా తట్టుకుంటుంది.

మన జిల్లాల్లో చిక్కంతా పాములు చూసే డాక్టరు దొరకడమే. ఆవులూ గొర్రెలూ చూసే చేతులకు పాము కొత్త, అది వాళ్ల తప్పు కాదు. నేను మొదట వెళ్లిన చోట టేబుల్ మీద పామును చూసి కాంపౌండర్ బయటికి పోయి మళ్లీ రాలేదు. అనంతపురం వాళ్లకు బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దాదాపు అంతే. కడప వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో విశ్వవిద్యాలయమే ఉంది. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి "పాములు చూస్తారా, స్కాన్ ఉందా" అని అడగండి. ఇంకా మంచిది, పాము బాగున్నప్పుడే ఈ ఫోన్లు చేసి నంబరు రాసి పెట్టుకోవడం.

ప్రయాణం రాత్రి పూటో తెల్లవారుజామునో పెట్టుకోండి. పామును దిండు గలీబులో వేసి ముడి వేయండి, ఆ గలీబును గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి. డబ్బా సీటు కింద ఉండాలి. ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలి టీ తాగడానికి దిగొద్దు, పది నిమిషాలు చాలు ప్రాణం పోవడానికి.

## నాలుగో అడుగు: నీళ్లు, శుభ్రం, వేడి

గుడ్లు పెట్టిన పాముకు మొదట కావాల్సింది తిండి కాదు, నీళ్లు. జొన్నమ్మ ఆ రాత్రి గిన్నెలో తల పెట్టి ఐదు నిమిషాల పైనే తాగింది. బరువైన మట్టి మూకుడు పెట్టండి, దొర్లదు, నీళ్లూ చల్లగా ఉంటాయి. రోజుకోసారి మార్చండి. పక్కింటి అక్క చెంబుతో పాలు తెచ్చిచ్చింది, నాగుల చవితికి పుట్టలో పోసేవే కదా అని. పాము ఒంటికి పాలు అరగవు. అక్క మనసు నొప్పించకుండా తీసుకుని కాఫీ పెట్టుకున్నాం.

పెట్టెలో ఉన్నదంతా తీసేయండి. గుడ్ల సొన ఇంకిన పేపరు, పీచు, అన్నీ. గిన్నెలు కడిగే సబ్బుతో వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే చాలు, మన ఎండకు మించిన మందు లేదు. ఫినాయిల్, డెట్టాల్ వాడొద్దు. వాటిలోని ఫీనాల్ జాతి రసాయనాలు పాముకు విషం. ఇల్లు తుడిచే ఫినాయిల్ నీళ్లను కూడా ఆ గదిలో కొన్నాళ్లు ఆపండి. కొత్తగా వేసేది తెల్ల పేపరో టిష్యూనో అయితే మంచిది. రక్తపు చుక్క పడినా, మలం రంగు మారినా వెంటనే కనబడుతుంది.

బాల్ పైథాన్‌కు ఇక్కడ ఒక అదనపు పని ఉంది. గుడ్ల వాసన ఉన్నంతకాలం అది కాపలా మానదు, తినదు. గుడ్లు తీశాక పెట్టెను బాగా కడగడమే కాకుండా పామును కూడా గోరువెచ్చటి నీళ్లలో మెల్లగా తడిపి వాసన పోగొట్టండి. కార్న్ స్నేక్‌కు ఒంటికి సొన అంటుకుని ఉంటే తప్ప ఈ స్నానం అక్కర్లేదు. జేజి కూడా "బాలింతకు అప్పుడే నీళ్లెందుకురా" అనింది.

వేడి విషయంలో బయటి దేశాల వాళ్లు రాసిన సలహాలు చదివి మోసపోవద్దు. వాళ్ల బాధంతా పెట్టెను వెచ్చబెట్టడం గురించే. మన బాధ చల్లబరచడం. కార్న్ స్నేక్‌కు వెచ్చటి వైపు ఇరవై తొమ్మిది ముప్పై డిగ్రీలు, చల్లటి వైపు ఇరవై నాలుగు ఇరవై ఐదు ఉంటే బాగుంటుంది. గది మొత్తం ముప్పై నాలుగైతే అలసిన పాము తప్పించుకోవడానికి చోటే ఉండదు. మే నెలలో హీట్ మ్యాట్ (పెట్టెను వెచ్చబెట్టే కరెంటు చాప) తీసేయడం కూడా మేలే, ఉంచితే వేడి మీరకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా ఉంచొద్దు. పెట్టెను నేల మీద, ఉత్తరపు గోడ పక్కన పెట్టండి. కరెంటు పోతే నీళ్లు గడ్డకట్టిన సీసాను తువ్వాల్లో చుట్టి పెట్టె బయట ఒక వైపు ఆనించండి, లోపల వద్దు. ఎయిర్ కూలర్ వాడితే కిటికీ తెరిచి ఉంచండి. మూసిన గదిలో కూలర్ పెడితే తేమ పెరిగి, వారం పది రోజుల్లో పాము ముక్కులో బుడగలు, గురక మొదలవుతాయి. గాలిలో తేమ సగం అటూ ఇటూగా ఉంటే చాలు.

## ఐదో అడుగు: బాలింత తిండి

నేను తప్పు చేసింది ఇక్కడే. పాపం ఎంత సన్నబడిందో అని రెండో రోజే పెద్ద ఎలుక పెట్టాను. తినింది. మర్నాడు పొద్దున కక్కేసింది. కక్కడం పాముకు చిన్న విషయం కాదు, కడుపులోని ఆమ్లమంతా పోతుంది, గొంతు కాలుతుంది, మళ్లీ పది పన్నెండు రోజులు తిండి ఆపాల్సి వస్తుంది. జేజి చెప్పిన పథ్యమే సరైనది. "మొదట జావ, తర్వాతే ముద్ద" అనింది. పాముకు జావ ఉండదు కానీ చిన్న ఎలుక ఉంటుంది.

లోపల ఏమీ మిగల్లేదని తేలినాక, రెండు మూడు రోజులు నీళ్లతో విశ్రాంతి ఇచ్చి, మామూలుగా పెట్టే ఎలుకలో సగం సైజుది ఒకటి పెట్టండి. అది అరిగి మలం వచ్చాక, ఐదారు రోజులకు ఇంకొకటి. అలా మూడు నాలుగు చిన్న భోజనాలు నిలిస్తే మామూలు సైజుకు వచ్చి వారానికొకటి చొప్పున నెలా నెలన్నర పెట్టొచ్చు. తర్వాత పాత అలవాటైన పది పద్నాలుగు రోజులకొకసారికి దించండి.

ఎలుక గడ్డకట్టినదే మేలు. బతికున్న ఎలుక అలసిన పామును కొరికి గాయం చేస్తుంది. రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించి కరగనిచ్చి, కవర్లో ఉంచి వేడినీళ్లలో పెట్టి ఒళ్లు వెచ్చబడ్డాక పొడవాటి పట్టకారుతో అందించండి. మైక్రోవేవ్ వద్దు. మన ఊళ్లలో ఈ సరుకు దొరకదు. నేను బెంగళూరు నుంచి ఐస్ పెట్టెలో తెప్పించుకుంటాను, నెలకు సరిపడా. సరుకు అయిపోయింది కదా అని ఇంట్లో బోనుకు పడిన ఎలుక పెట్టొద్దు, అది ఏ ఇంట్లో ఏ మందు తిని వచ్చిందో తెలియదు. చికెన్ ముక్క కూడా వద్దు. ఎలుకను ఎముకలతో సహా మింగితేనే గుడ్లకు పోయిన సున్నం తిరిగి వస్తుంది. ఆ లెక్కన కాల్షియం పొడి వేరే అక్కర్లేదు, డాక్టరు చెబితే తప్ప.

తినకపోతే? ఐదు రోజులు ఆగి మళ్లీ చూడండి. కళ్లు పాలలా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం. గుడ్ల తర్వాత కొన్ని వారాల్లో ఒక కుబుసం రావడం మామూలే, అంతదాకా తినకపోవచ్చు. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం వద్దు. మూడు నాలుగు వారాలైనా తినకుండా, బరువు తగ్గుతూనే ఉంటే డాక్టరుకు చూపించండి. గుడ్లు పెట్టిన మొదటి వారమంతా, పైన చెప్పిన పరీక్షకో స్నానానికో తూకానికో తప్ప పామును చేతిలోకి తీసుకోవద్దు. తిన్న తర్వాత రెండు రోజులు కూడా అంతే.

## ఆరో అడుగు: త్రాసు, నోటుపుస్తకం

కళ్లతో చూసి పాము కోలుకుందో లేదో చెప్పలేం. వంటింటి డిజిటల్ త్రాసు కొనండి, దాని మీద మూత డబ్బా పెట్టి, సున్నా చేసి, పామును అందులో వేయండి. జొన్నమ్మ గుడ్లకు ముందు ఐదు వందల ఇరవై ఎనిమిది గ్రాములు. గుడ్ల మర్నాడు నాలుగు వందల పద్దెనిమిది. అంటే ఐదో వంతు ఒక్క రోజులో పోయింది. చూడగానే గుండె జారింది కానీ అది అసాధారణమేమీ కాదు. వెన్నెముక గట్టు తేలి, పక్కలు లోతుపడి కనబడటం కూడా ఆ వారం మామూలే.

నా తొందర వల్ల కక్కినందుకు మొదటి రెండు వారాల్లో ఒక్క గ్రాము పెరగలేదు. జూన్ మొదటికి నాలుగు వందల నలభై, జులై చివరికి నాలుగు వందల ఎనభై తొమ్మిది. వారానికోసారి, భోజనానికి ముందు, అదే డబ్బాతో తూచి తేదీ వేసి రాసుకోండి. తిన్న తేదీ, మలం వచ్చిన తేదీ, కుబుసం తేదీ కూడా. డాక్టరు దగ్గర ఆ పేజీ చూపిస్తే సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.

## ఏడో అడుగు: మళ్లీ పెట్టకుండా చేయొచ్చా?

పూర్తిగా ఆపే దారి లేదు. కొన్ని ఆడపాములు ఏటా పెడతాయి, కొన్ని రెండు మూడేళ్లకోసారి, కొన్ని అసలే పెట్టవు. మన చేతిలో ఉన్నది తిండి ఒక్కటే. కార్న్ స్నేక్ అయితే, కోలుకునేటప్పుడు జాలిపడి మేపేస్తే, రెండు నెలలకే రెండో విడత గుడ్లు కట్టే ప్రమాదం ఉంది. పాత బరువుకు కాస్త దిగువనే ఆపండి. నేను జొన్నమ్మను ఐదు వందల పది దగ్గర ఆపాను. చలికాలంలో పామును కావాలని చల్లటి గదిలో నిద్రపుచ్చే అలవాటు పెంపకందారులకు ఉంటుంది, అది జత కట్టించడానికి. మీకు పిల్లలు వద్దనుకుంటే ఆ పని చేయొద్దు. పక్క పెట్టెలో మగపాము ఉంటే దాన్ని వేరే గదికి మార్చండి. ఏటా ఇరుక్కుని ఇబ్బంది పడే పాముకు గుడ్ల గొట్టం తీసేసే ఆపరేషన్ ఒకటుంది, అది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది.

ఇవన్నీ చేసినా మరుసటి ఏడు మార్చిలో జొన్నమ్మ ఎలుకను చూసి మొహం తిప్పేసింది. ఒంటి కింది సగం బరువుగా, రాత్రంతా పెట్టె మూలలు తవ్వుతూ తిరిగింది. ఈసారి ఆ గుర్తులు నాకు తెలుసు. తర్వాత కుబుసం విడిచింది. గుడ్లకు ముందు వచ్చే ఆ కుబుసం నుంచి లెక్కపెడితే కార్న్ స్నేక్‌కు వారం నుంచి రెండు వారాల గడువుంటుంది, బాల్ పైథాన్‌కు దాదాపు నెల. కోకోపీట్ తడిపి డబ్బా పెట్టాను, డాక్టరుకు ఫోన్ చేసి ఆ వారం ఊళ్లో ఉంటారా అని అడిగాను, చిన్న ఎలుకలు ఆరు తెప్పించి ఫ్రిజ్‌లో వేశాను. పదకొండో రోజు రాత్రి జొన్నమ్మ డబ్బాలోకి దూరి బయటికి రాలేదు. నేను పెట్టె మీద దుప్పటి కప్పి వచ్చి పడుకున్నాను. పొద్దున లేచేసరికి గది గడియకు జేజి తాళం వేసి ఉంది.